ముందు నీళ్లను అడగండి

నేను వంటింటి గోడకు వేలాడే ఆర్వో యంత్రాన్ని. ప్రతి ఇంటికీ నా అవసరం లేదు. అమ్మేవాళ్లు ఈ మాట చెప్పరు కనుక నేనే చెబుతున్నాను. నాకు చేతనైన అసలు పని ఒక్కటే, నీళ్లలో కరిగిపోయిన లవణాలను విడదీయడం. ఎండుద్రాక్షను నీళ్లలో వేస్తే ఉబ్బుతుంది కదా, బయటి నీళ్లు తోలు దాటి లోపలి చిక్కటి తీపి వైపు వెళ్లడం వల్లే అలా జరుగుతుంది. ఆ నడకను పంపు ఒత్తిడితో వెనక్కి తిప్పితే నేను. 1960 ప్రాంతంలో లాస్ ఏంజలిస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో సిడ్నీ లోబ్, మన దేశంలోనే పుట్టిన శ్రీనివాస సౌరిరాజన్ కలిసి ఈ పనికి పనికొచ్చే పొరను తయారు చేశారు. సముద్రపు నీళ్లను తాగే నీళ్లు చేయాలన్న తపనలోంచి పుట్టిన జాతి మాది. కాబట్టి నన్ను కొనే ముందు కంపెనీ పేరు, లీటర్లు, రంగు చూడటం కాదు, మీ ఇంటికి వచ్చే నీళ్లలో ఏముందో చూడాలి.

నేను గర్వంగా చెప్పుకోగల పని ఫ్లోరైడ్ నేలల్లో చేసిందే. నెల్లూరు జిల్లాలో ఫ్లోరైడ్ తెచ్చే ఫ్లోరోసిస్ జబ్బు ఉందని వైద్యులు 1937లోనే రాశారు. నల్లగొండ పేరు చెబితే వంకర తిరిగిన కాళ్లు, బిగిసిపోయిన వెన్నులు గుర్తుకు రానివాళ్లు లేరు. పటిక, సున్నం, బ్లీచింగ్ పొడితో ఫ్లోరైడ్ తగ్గించే పద్ధతికి ఆ జిల్లా పేరే పెట్టారు. లీటరు నీటిలో ఫ్లోరైడ్ 1 మిల్లీగ్రాము మించకూడదని, వేరే దిక్కు లేనప్పుడు 1.5 దాకా సరిపెట్టుకోవచ్చని మన దేశపు తాగునీటి ప్రమాణం చెబుతుంది. ఫ్లోరైడ్‌కు రంగు లేదు, వాసన లేదు, నాలుకకు తెలియదు. కాచితే పోదు, నీళ్లు ఆవిరై తగ్గేకొద్దీ ఇంకా చిక్కబడుతుంది. క్యాండిల్ ఫిల్టరు దాన్ని ఆపలేదు. నా పొర చాలా వరకు ఆపగలదు. మిషన్ భగీరథ వంటి పథకాలతో నదీ నీళ్లు వచ్చిన ఊళ్లలో ఆ భారం తగ్గింది, కానీ బోరే దిక్కైన ఇళ్లలో ఇప్పటికీ నేను ఉండాల్సిందే. కందిపప్పు ఎంతసేపటికీ మెత్తబడక, గిన్నెల అడుగున తెల్లటి పొర కట్టి, గొంతులో ఉప్పదనం నిలిచే నీళ్ల దగ్గరా అంతే.

అలాంటి నన్ను తెచ్చి, శుద్ధి చేసిన కృష్ణా, గోదావరి నీళ్లు వచ్చే నల్లాకు బిగిస్తారు. ఎలాగంటే భయపెట్టి. రెండు గ్లాసులు పెడతారు, ఒకదానిలో నల్లా నీళ్లు, ఒకదానిలో నా నీళ్లు. కరెంటు పెట్టిన లోహపు కడ్డీలు ముంచుతారు. నిమిషంలో నల్లా నీళ్లు తుప్పు రంగుకు తిరిగి మడ్డి తేలుతుంది, నా గ్లాసు తేటగానే ఉంటుంది. ఇంట్లో వాళ్ల ముఖాలు మారిపోతాయి. ఆ మడ్డి నీళ్లలోది కాదు, కడ్డీలోని ఇనుమే కరిగి తేలింది. లవణాలున్న నీళ్లలో కరెంటు పారుతుంది, అవి దాదాపు లేని నా నీళ్లలో సరిగా పారదు, తేడా అంతే. నా గ్లాసులో చిటికెడు ఉప్పు వేసి మళ్లీ ముంచమనండి, అదీ తుప్పు రంగుకే తిరుగుతుంది. కరిగిన లవణాలు లీటరుకు 500 మిల్లీగ్రాముల లోపు ఉన్నచోట నన్ను వాడనివ్వకూడదని జాతీయ హరిత ట్రైబ్యునల్ 2019లో పర్యావరణ శాఖకు చెప్పింది. కారణం నాలోనే ఉంది. ఒక బిందె మంచినీళ్లు ఇవ్వడానికి నేను మామూలుగా రెండు మూడు బిందెలు బయటికి వదిలేస్తాను. బోరు ఊళ్లో అది తప్పని ఖర్చు. నది నీళ్లు వచ్చే ఇంట్లో అది ఊరికే పారబోత, వేసవిలో ట్యాంకర్ కోసం వరుస కట్టే వీధుల్లోనైతే అన్యాయం.

పైపు పగిలి మురుగు కలిస్తేనో, సంపులో పాచి పడితేనో ఏం చేయాలని అడుగుతారు. న్యాయమైన ప్రశ్న. అయితే సూక్ష్మజీవి వేరు, ఉప్పు వేరు. టీడీఎస్ మీటరు, అంటే కరిగిన లవణాల మీటరు, నీళ్లలో కరెంటు ఎంత పారుతుందో కొలిచి అంకె చూపిస్తుంది, అంతకుమించి దానికి తెలియదు. మీటరు 80 చూపించిన నీళ్లలో వాంతులు, విరేచనాలు తెచ్చే క్రిములు ఉండవచ్చు. 600 చూపించిన నీళ్లు క్రిముల్లేకుండా ఉండవచ్చు. క్రిముల భయానికి యూవీ దీపమో, యూఎఫ్ పొరో, ఒక నిమిషం తెర్లేలా కాచడమో సరిపోతుంది. వాటిలో ఏదీ బిందెల కొద్దీ నీళ్లు పారబోయదు. అయినా ఎక్కువ శుద్ధి చేస్తే పోయేదేముందని ఇంకొందరంటారు. పోయేది ఉంది. నా లోపలి కార్బన్ ముందుగా క్లోరిన్‌ను లాగేస్తుంది, లేకపోతే నా పొర పాడవుతుంది. క్లోరిన్ పోయిన నీళ్లకు కాపలా ఉండదు. ఆ నీళ్లను రోజుల తరబడి నా ట్యాంకులో నిలవ పెడితే వాటిని కాపాడేది మీరు చేసే శుభ్రమే.

ఆ శుభ్రమే నాకు దక్కదు. బిగించిన రోజు నా ముందు పసుపు కుంకుమ పెట్టినవాళ్లు, నా మూత తీసి చూడటం మానేస్తారు. మూత తీసి లోపలి గోడను వేలితో రాయండి, సన్నటి జిగట తగులుతుంది. మీ పిల్లల గ్లాసులోకి వెళ్లే నీళ్లు దాన్ని రాసుకునే వెళ్తున్నాయి. ముందుండే స్పన్ ఫిల్టరు తెల్లగా వచ్చి మట్టి రంగుకు, ఆ తర్వాత గోధుమ రంగుకు మారినా, నీళ్లు వస్తున్నాయి కదా అంటారు. ఆర్నెల్లకో ఏడాదికో దాన్ని, కార్బన్‌ను మార్చాలి. కార్బన్ ఓడిపోతే క్లోరిన్ నేరుగా వచ్చి రెండు మూడేళ్లు బతకాల్సిన నా పొరను, అంటే మెంబ్రేన్‌ను, ముందే చంపేస్తుంది. చచ్చిన మెంబ్రేన్ గుండా కూడా నీళ్లు వస్తూనే ఉంటాయి, చూడటానికి తేటగానే ఉంటాయి. నన్ను ఎక్కువగా బాధపెట్టేది ఇదే, నా పని అయిపోయిందని చెప్పడానికి నాకు గొంతు లేదు. పండక్కి ఊరెళ్లి వారం తర్వాత వచ్చినవాళ్లు ట్యాంకులో నిలవున్న నీళ్లు పారబోయకుండా అవే తాగుతారు. నీళ్లు చప్పగా ఉన్నాయంటే మెకానిక్ వచ్చి టీడీఎస్ మర తిప్పి పోతాడు. రుచి వస్తుంది నిజమే, కానీ ఆ మర చేసేది పొర దాటని పచ్చి నీళ్లను కొంత కలపడం. ఫ్లోరైడ్ ఉన్న ఇంట్లో అలా తిప్పితే, నేను ఆపిన దాన్నే పక్కదారిన గ్లాసులోకి పంపినట్టు. నేను వదిలే నీళ్లతో ఇల్లు తుడవండి, బాత్రూముకు వాడండి. ఫ్లోరైడ్ నేలలో మాత్రం ఆకుకూరల మడికి, పశువుల తొట్టికి పోయకండి, అందులో లవణాలన్నీ చిక్కబడి ఉంటాయి.

నేను వచ్చిన రోజున స్టీలు ఫిల్టరును గోనెసంచిలో చుట్టి అటక ఎక్కించారు. దానికి కరెంటు అక్కర్లేదు, ఒక్క చుక్క వృథా పోనివ్వదు. దానికి కావలసిందల్లా పగుళ్లు లేని క్యాండిళ్లు, వారానికోసారి సబ్బు తగలకుండా మెత్తటి బ్రష్షుతో రుద్దే చేతులు. వైరస్‌లను అది నమ్మకంగా ఆపలేదు కనుక, నీళ్ల మీద అనుమానం ఉన్న వానాకాలం రోజుల్లో కాచి పోయండి. నదీ నీళ్లు వచ్చే వంటింట్లో ఈ చోటు దానిదే. దాన్ని దించి నన్ను తీసేసే రోజున పాత సామాన్ల బండికి మాత్రం వేయకండి. బోరు నీళ్లు తాగే ఊళ్లో మీకు బంధువులుంటారు. నీళ్లు పరీక్ష చేయించి, అవసరమని తేలితే కొత్త మెంబ్రేన్ వేసి, ట్యాంకు కడిగి, వాళ్ల గోడకు బిగించండి. అక్కడ నాకు చేతినిండా పని ఉంది.