ఫీల్డుకెళ్లేవాళ్లకు క్యారేజీ వద్దు

వరి కోతల్లో పంటకోత ప్రయోగాలకు తిరిగే విస్తరణాధికారులకూ గణాంక సిబ్బందికీ ఇంట్లోవాళ్లు చెప్పేది ఒకటే: క్యారేజీ పట్టుకెళ్లు, ఒంటిగంటకల్లా తినెయ్. నేను రెండూ వద్దంటాను.

ఆ పనికి ఒంటిగంట అంటూ ఉండదు. ఎంపికైన సర్వే నంబరులో రైతు ఎప్పుడు కోస్తే అప్పుడే ప్రయోగం. "హార్వెస్టర్ వచ్చేసింది సార్" అని ఫోనొస్తే బయల్దేరాలి. 5 మీటర్ల చదరం కొలిచి, కోసి, నూర్చి, తూకం వేసేదాకా చేను వదలడానికి లేదు. ఈలోగా క్యారేజీలో అన్నం డిక్కీ వేడికి మగ్గుతూ ఉంటుంది. అన్నంలో ఉండే ఒక రకం సూక్ష్మజీవి బీజాలు వండినా చావవు. గోరువెచ్చగా గంటలకొద్దీ ఉంచితే అవి మొలకెత్తి పెరుగుతాయి. అవి వదిలే విషం మళ్లీ వేడిచేసినా పోదు. పులిహోర చింతపండు పులుపు వల్ల కాస్త ఆగుతుంది. పప్పన్నం ఆగదు.

అందుకని మధ్యాహ్న భోజనం పొద్దున ఏడింటికే చేసెయ్యండి. టిఫిను కాదు, భోజనమే: పప్పు, కూర, పెరుగు. పొద్దున్నే అన్నమేమిటని ఎవరన్నా అంటే చద్దన్నం తిని నాట్లకు దిగే ఆడవాళ్లను చూడమనండి. ఆ తర్వాత వేళ గురించి ఆలోచించకండి. వేయించిన వేరుశనగలు, పుట్నాలు, బెల్లం సంచిలో ఉంచుకుని, ఆకలి కోసం ఆగకుండా, వీలు దొరికినప్పుడల్లా గుప్పెడు తినండి. వంద గ్రాముల వేరుశనగల్లో సుమారు 25 గ్రాముల మాంసకృత్తులున్నాయి. పెళపెళలాడేలా కాల్చిన జొన్నరొట్టె దొరికితే మరీ మంచిది.

హోటలైతే, మూడు దాటాక మీల్స్ అడగొద్దు. కళ్లముందు పెనం మీద వేసే దోసె, ఆమ్లెట్ చాలు. కొబ్బరి చట్నీ వద్దు, కారప్పొడి వేయించుకోండి.

అన్నిటికన్నా నాకు పట్టింపున్న మాట: భోజనాల వేళ రైతు గుమ్మంలో నిలబడకండి. అతిథికి పెట్టకుండా తినే ఇల్లు మన పల్లెల్లో అరుదు. కౌలుకు చేసుకునే ఇంట్లో మీకు వడ్డించిన ముద్ద ఆ పూట ఎవరి వాటాయో మీకు తెలియనివ్వరు. కాసేపు చెట్టుకింద ఆగి, వాళ్లు తిన్నాక వెళ్లండి. అప్పుడు మజ్జిగో అంబలో ఇస్తే మాత్రం కాదనకండి, డబ్బులివ్వబోకండి.

రబీ కోతలు ఏప్రిల్ ఎండల్లో పడతాయి. అప్పుడు ఉత్త నీళ్లే తాగుతూ కూర్చోకండి, ఉప్పేసిన మజ్జిగ సీసా వెంట ఉండాలి. విరేచనాలు పట్టుకుంటే లీటరు కాచి చల్లార్చిన నీటికి ఆరు చిన్న చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు, అన్నీ తలకొట్టి కొలిచి కలుపుకోండి. ఉప్పు అంతకు మించకూడదు.

ఇన్సులిన్, షుగరు మాత్రలు వాడేవాళ్లకు నేను చెప్పిన వేళలు పనికిరావు. డాక్టరు చెప్పిన వేళకే వాళ్లు తినాలి, తూకం ఆగినా సరే. అలాంటి ఉద్యోగులున్న పై అధికారులకు మనవి: ఆ పూటకు ఇంకొకరిని చేనికి పంపండి.