సొట్టగంజు మాస్టర్

నల్లగొండలో గానీ పాలమూరులో గానీ నలుగురు పోరగాళ్ళు కలిసి రూం తీసుకుంటే, వారం తిరక్కముందే అందులో ఒకడు మాస్టర్ అవుతాడు. ఎన్నిక ఉండదు, పోటీ ఉండదు. హోటల్ భోజనానికి పైసలు నిండుకున్న రాత్రి ‘నాకొస్తదిరా’ అని ఎవడు ముందు నోరు జారితే వాడే. మేనబావ పెండ్లిలో వంటోళ్ళ పక్కన కూర్చుని ఉల్లిగడ్డలు కోసిన అనుభవం వాడికి చాలు.

పూర్వం ఈ బాపతు మనిషిని చూడాలంటే ఉస్మానియా చుట్టుపక్కల రూములకు పోవాలి. 2007లో నల్లగొండకు మహాత్మాగాంధీ యూనివర్సిటీ, 2008లో మహబూబ్‌నగర్‌కు పాలమూరు యూనివర్సిటీ వచ్చాక, దేవరకొండ పిల్లగాడికీ అచ్చంపేట పిల్లగాడికీ పట్నం దాకా పోకుండానే పప్పు మాడబెట్టుకునే సౌకర్యం కలిగింది.

మాస్టర్ ఆస్తి ఒక చిన్న సిలిండర్, ఒక కడాయి, ఇంటి నుంచి తెచ్చిన సిల్వర్ గంజు. ఆ గంజుకు ఒక పక్క సొట్ట. వాడి పాకశాస్త్రమంతా ఆ సొట్టలోనే ఉంది. రెండు గ్లాసుల బియ్యం, సొట్ట మునిగేదాకా నీళ్ళు. ఎవడన్నా వేలు ముంచి గణుపు లెక్క చూడబోతే గంటెతో ఒక్కటిస్తాడు. రేషన్ దొడ్డుబియ్యం ఉన్నన్నాళ్ళు ఈ లెక్క తప్పలేదు. 2025 ఉగాదినాడు సర్కారు హుజూర్‌నగర్‌లో రేషన్ సన్నబియ్యం పథకం మొదలుపెట్టింది. ఇంట్లోవాళ్ళు సంబరపడి ఆ బియ్యమే మూటగట్టి పంపారు. మాస్టర్ కొంప మునిగింది. సన్నవి, అందులోనూ కొత్తవి. దొడ్డుబియ్యం తాగినన్ని నీళ్ళు తాగవు. అన్నం గంటెను పట్టుకుని దిగనంటే దిగనంది.

‘ఇదేందిరా?’

‘మెత్తగుంటే జల్దీ అరుగుతది. పరీక్షలున్నయ్ గద.’

నీళ్ళు తగ్గించొచ్చు కదా అంటారేమో. ఆ సొట్ట కింద ఇంకో సొట్ట లేదు మరి.

కూరంటే టమాట. ఆదివారం టమాటలో కోడిగుడ్లు, సోమవారం టమాటలో ఆలుగడ్డ, చుట్టమొస్తే అదే టమాటలో ఇంకో గంటెడు నూనె. పని మాత్రం వాడు చెయ్యడు. ఒకడు కోయాలి, ఒకడు కడగాలి, ఒకడు కిరాణాకొట్టుకు ఉరకాలి. మాస్టర్ పొయ్యి ముట్టిస్తాడు, కలుపుతాడు, ఉప్పు చూస్తాడు. మధ్యలో సిగ్నల్ లేదని చెప్పి ఫోను పట్టుకుని డాబా ఎక్కుతాడు. ‘అమ్మా, పోపుల ముందుగాల ఆవాలా, జీలకర్రనా?’ కిందికి దిగాక మాత్రం, ‘మన స్టయిలే వేరురా!’

గ్యాస్ అయిపోయిన రోజు వాడికి ఆరోగ్యం గుర్తొస్తుంది. ‘ఇయ్యాల లైట్‌గ తిందాం’ అని చింతపండు పిసికి, ఉల్లిగడ్డ, పచ్చిమిర్చి వేసి పచ్చిపులుసు చేస్తాడు. నిజం చెప్పాలంటే వాడి చేతిలో చక్కగా కుదిరేది అదొక్కటే.

పాలమూరు మాస్టర్‌కు జొన్నరొట్టె పిచ్చి అదనం. జొన్నపిండి గోధుమపిండిలా సాగదు. వేడినీళ్ళు పోసి, బాగా మెదిపి, అరచేత్తో కొడుతూ తిప్పుతూ పోవాలి. వీడు రెండు దెబ్బలు వేసేసరికే అంచులు పగిలి ముక్కలవుతుంది. ఆ చప్పుళ్ళకు ఇల్లు కూలుతుందేమోనని ఓనరమ్మ వచ్చి, ‘జరుగు కొడుకా’ అని, మాటల్లోనే గుండ్రటి రొట్టె కొట్టి పెనం మీద వేసి వెళ్తుంది. ఆమె గడప దాటగానే మాస్టర్ అందరి మొహాలూ చూస్తాడు.

‘సూసిండ్రా, పిండి ఎట్ల కలిపిన్నో!’

దసరాకు ఇంటికి పోయాడు. మొదటి ముద్ద నోట్లో పెట్టి పెదవి విరిచాడు. ‘పలుకుగుందే అమ్మా, నీళ్ళు సాల్లేదు.’

‘అట్లనా బిడ్డా! మాపటికి నువ్వే వండు’ అని తల్లి గంజు తెచ్చి ముందర పెట్టింది. మాస్టర్ దాన్ని అటు తిప్పాడు, ఇటు తిప్పాడు, బోర్లించి కూడా చూశాడు.

‘దీనికి సొట్ట లేదు గదనే!’