డెబ్బై శాతం నిష్ఠ

మన బడుల్లోకి కంప్యూటరు వచ్చిన వరస చూస్తే ముచ్చటేస్తుంది. ముందు పెట్టె వచ్చింది. తర్వాత దానికో గది, గదికో తాళం వచ్చాయి. పంతుళ్లకు శిక్షణ మాత్రం తీరిగ్గా, అన్నీ సర్దుకున్నాక వచ్చింది.

1984-85లో కేంద్రం ‘క్లాస్’ అనే పథకం కింద బీబీసీ మైక్రో కంప్యూటర్లను బడులకు పంపింది. వాటి మెమరీ 32 కిలోబైట్లు. ఇవాళ మా బావగారు పొద్దున్నే వాట్సాప్‌లో పంపే గులాబీపువ్వు కూడా అందులో పట్టదు. అయినా ఆ పెట్టెకు జరిగిన మర్యాద ఇంతా అంతా కాదు. చెప్పులు బయటే విడవాలి, మీద కప్పిన గుడ్డ మెల్లగా తీయాలి. మా పెద్దల్లో కొందరు ఆ గుడ్డ తీయకుండానే రిటైరయ్యారట.

2004లో ఐసీటీ పథకం వచ్చాక పెట్టెలు పెరిగాయి. నాబోటి తెలుగు మాస్టర్లకు అసలు పరీక్ష అప్పుడు మొదలైంది. ఇంగ్లీషు మాస్టారిది సుఖజీవితం, ఏ అక్షరం నొక్కితే ఆ అక్షరమే పడుతుంది. నేను ‘క్ష’ ఎక్కడుందో కనిపెట్టేసరికి లాంగ్ బెల్లు కొట్టేసేవారు. ఎలాగోలా అను ఫాంట్లలో ప్రశ్నపత్రం కొట్టి, పెన్‌డ్రైవ్‌లో పెట్టుకుని టౌనుకెళితే, జిరాక్సు షాపు కంప్యూటర్లో ఆ ఫాంట్లు లేవు. తెర నిండా చుక్కలు, కొమ్ములు, డాలరు గుర్తులు. ప్రతిపదార్థం రాయమన్న ప్రశ్న హరప్పా ముద్రలా ఉంది. షాపు కుర్రాడు కాసేపు గంభీరంగా చూసి, “సంస్కృతమా మాస్టారూ?” అన్నాడు. ఆ పేపరే పిల్లలకిచ్చేస్తే పోయేదేమో, కాపీ కొట్టడానికైనా వీలుండేది కాదు. యూనికోడ్ వచ్చి ఆ గోల తీర్చింది.

2019 ఆగస్టులో ‘నిష్ఠ’ మొదలైంది. దాదాపు 42 లక్షల మంది ఉపాధ్యాయులకు, ప్రధానోపాధ్యాయులకు తర్ఫీదు ఇవ్వాలన్నది సంకల్పం. మొదట ఎదురుగా కూర్చోబెట్టి చెప్పేవారు, మధ్యలో టీ వచ్చేది. కరోనాతో 2020 అక్టోబరు నుంచి అదంతా ‘దీక్ష’లోకి వెళ్లింది, టీ వెళ్లలేదు. 2017 గురుపూజోత్సవం నాడు మన వెంకయ్యనాయుడు గారు ప్రారంభించిన ఆన్‌లైన్ వేదికే అది. 2021లో హైస్కూలు వాళ్ల వంతు వచ్చింది.

పాఠాల్లో కంప్యూటర్నీ ఇంటర్నెట్‌నీ ఎలా వాడాలో నేర్పే మాడ్యూలు కూడా అందులో ఒకటి. దాన్ని తెరవాలంటే ముందు యాప్ దించుకోవడం, లాగిన్ కావడం, పాస్‌వర్డ్ మరిచిపోతే ఓటీపీ తెప్పించుకోవడం వచ్చి ఉండాలి. పిచ్చి కుదిరితే గానీ పెళ్లి కాదు, పెళ్లయితే గానీ పిచ్చి కుదరదు.

పైగా 70 శాతం మార్కులు వస్తేనే సర్టిఫికెట్. ఆ మాటతో స్టాఫ్ రూము స్వరూపమే మారిపోయింది. పిల్లల నోట ఇన్నాళ్లూ మేం నమ్మని సాకులన్నీ మా నోట పలకసాగాయి. “నెట్ లేదండీ”, “చార్జింగ్ అయిపోయింది”, “మా అబ్బాయి ఫోన్ ఇవ్వలేదండీ”. హోంవర్కు చేయని పిల్లల్ని ఎండలో నిలబెట్టిన పేరున్న లెక్కల మాస్టారు, సిగ్నల్ కోసం డాబా మీద తనే ఎండలో నిలబడ్డారు. కింద చూస్తున్న పదో తరగతి వాళ్ల మొహాల్లో అంత తృప్తి నేనెప్పుడూ చూడలేదు. క్విజ్ మొదలవగానే ఆయన సైన్సు మేడం ఫోన్‌లోకి తొంగిచూశారు. “మీ పేపరు మీరు చూసుకోండి మాస్టారూ” అని ఆవిడ కసిరింది. పాతికేళ్లుగా ఆయన అంటూ వస్తున్న మాటే.

చివరికి మమ్మల్ని ఒడ్డున పడేసింది తొమ్మిదో తరగతి పిల్ల. వాళ్లమ్మ డ్వాక్రా సంఘం లెక్కలన్నీ ఫోన్‌లో చూసేది ఆ పిల్లే. టైపు చేయలేక నేను పడుతున్న అవస్థ చూసి, “టైపు చేయడమెందుకు సార్, మైకు గుర్తు నొక్కి చెప్పండి, అదే రాసుకుంటుంది” అంది. గొంతు సవరించుకుని “ఉత్పలమాల” అన్నాను. అది “ఉప్పల్ మాల్” అని రాసి, దారి చూపించాలా అని అడిగింది. పిల్ల నవ్వలేదు. “మెల్లగా, విడివిడిగా చెప్పండి సార్” అంది, అచ్చం నేను క్లాసులో చెప్పినట్టే.

లెక్కల మాస్టారికీ ఆ పిల్లే సర్టిఫికెట్ డౌన్‌లోడ్ చేసి పెట్టింది. ఆయన దాన్ని లామినేషన్ చేయించి ఇంకా బీరువాలో పెట్టనేలేదు, జాతీయ విద్యావిధానం ప్రకారం ఇలాంటి శిక్షణ ఏడాదికి 50 గంటలుండాలని ఎవరో చెప్పారు. ఆయన వేళ్ల మీద తన సర్వీసు లెక్కేసుకున్నారు. తర్వాత ఆ పిల్లను పిలిచి, దిగులుగా అడిగారు:

“వచ్చే ఏడాది నువ్వు టెన్త్ పాసై వెళ్లిపోతే నా గతేం కానే?”