ఆరుకు ఆరు కలిపితే

తెలియక చేసిన తప్పుకు స్వగతం అక్కర్లేదు, ఎవరైనా చెబితే దిద్దుకుంటాం. నాది అన్నీ తెలిసి చేసిన తెలివితక్కువతనం. పైగా నేను లెక్కల మాస్టారిని.

ఇథియోపియాలో, తానా సరస్సు ఒడ్డున ఉన్న బహిర్‌దార్‌లో పాఠాలు చెప్పుకుంటున్న రోజులవి. ఆ దేశంలో ఏడాదికి 13 నెలలు. చివరి నెలకు 5 రోజులే, లీపు సంవత్సరమైతే 6. మనకు 2007 సెప్టెంబరు 12 వచ్చిన రోజున వాళ్లు 2000 సంవత్సరంలో అడుగుపెట్టి పండగ చేసుకున్నారు. గడియారానిదీ అదే దారి. లెక్క పొద్దుపొడుపుతో మొదలవుతుంది. మన ఉదయం 7 వాళ్లకు 1, మన మధ్యాహ్నం 12 వాళ్లకు 6. మన సాయంత్రం 6 అయ్యేసరికి వాళ్ల గడియారంలో 12 కొడుతుంది. భూమధ్యరేఖకు మరీ దూరం కాదు కాబట్టి ఏడాది పొడవునా సూర్యుడు ఇంచుమించు ఒకే వేళకు వస్తాడు, పోతాడు. ఆ లెక్క ఆ నేలకు అతికినట్టు సరిపోతుంది.

కొత్తగా దిగిన మనవాళ్లకు ఇదంతా బోధించే పని ఎవరూ అడక్కుండానే నెత్తిన వేసుకున్నాను. శనివారం సంతలో ఉల్లిపాయలు ఏరుతూ కూడా అదే పాఠం. "బస్సు రాత్రి 11కి అన్నాడంటే తెల్లవారుజామున 5 అని. ఆరు కలుపు, పన్నెండు దాటితే పన్నెండు తీసెయ్, అంతే." క్లాసులో మాడ్యులో 12 చెప్పేటప్పుడు కూడా ఈ గడియారమే ఉదాహరణ.

అలాంటి నన్ను మా డిపార్ట్‌మెంటు కుర్ర లెక్చరరు పిలిచాడు. "ఆదివారం ఆరింటికి మా ఇంటికి భోజనానికి రండి సర్." ఇంగ్లిషులో పిలిచాడు. ఇంగ్లిషులో చెప్పాడు కాబట్టి టైము కూడా ఇంగ్లిషుదే అనుకున్నాను.

ఆదివారం మధ్యాహ్నం తెలుగు మిత్రులతో పులిహోర, బంగాళదుంప వేపుడు, గడ్డపెరుగు సుష్టుగా తిని ఒక కునుకు తీశాను. సాయంత్రం ఇస్త్రీ చొక్కా వేసుకుని, కిలో నారింజలు కొని, బజాజ్ ఎక్కాను. అక్కడ ఆటోని బజాజ్ అనే అంటారు. సరిగ్గా 6 గంటలకు వాళ్ల గుమ్మంలో ఉన్నాను. ఊరికే ఉన్నానా? "చూశావా, చెప్పిన టైముకు రావడమంటే ఇదీ" అని నవ్వుతూ చేతిగడియారం చూపించాను కూడా.

కుర్రాడు తల వంచి "రండి సర్" అన్నాడు. వాళ్లమ్మగారు లోపలికెళ్లి బొగ్గులు మళ్లీ రాజేశారు. ఆ "మళ్లీ" నాకు తర్వాత అర్థమైంది. కూర్చుని తలెత్తితే ఎదురుగా గోడగడియారం. చిన్నముల్లూ పెద్దముల్లూ రెండూ 12 మీద కలిసి ఉన్నాయి. సెకన్ల ముల్లు చక్కగా తిరుగుతోంది.

ఆరు కలుపు, పన్నెండు దాటితే పన్నెండు తీసెయ్. లెక్క అరక్షణంలో తేలిపోయింది. నా ఆలస్యం ఆరు గంటలు. అక్కడ ఒకే పెద్ద పళ్లెంలో ఇంజెరా అనే అట్టు పరిచి, దానిమీద కూరలు వడ్డించి, అందరూ చుట్టూ కూర్చుని తింటారు. అతిథి లేకుండా ఆ పళ్లెం కదలదు. ఆదివారం ఉపవాసం లేని రోజు, మామూలుగా అయితే కోడికూర ఉండాల్సిన రోజు. నేను శాకాహారినని షీరో, ఎర్ర కందిపప్పుతో మిసిర్ వొత్, ఆకుకూర వండి, పిల్లలతో సహా నాకోసం ఆగారు.

క్షమించమని అడిగితే అక్కడితో అయిపోయేది. కానీ గుమ్మంలో చేతిగడియారం చూపించినవాడికి నోరెలా పెగులుతుంది? "అసలు ముందే బయల్దేరాను, బజాజ్ దొరకలేదు" అన్నాను. ఆరు గంటలపాటు దొరకని బజాజ్! వీధిలో అప్పుడే రెండు పోతున్న చప్పుడు వినిపించింది. కుర్రాడు "అవును సర్, ఆదివారం కదా" అన్నాడు.

కడుపులో పులిహోర ఉండగానే ఇంజెరా మొదలైంది. వాళ్లమ్మగారు ముద్ద చుట్టి స్వయంగా నా నోట్లో పెట్టారు. అక్కడ అది ప్రేమ, వద్దనకూడదు. ఆ తర్వాత పచ్చి కాఫీగింజలు ఎదుటే వేయించి, దంచి, కాచి, అబోల్, తోనా, బెరెకా అని మూడు విడతల కాఫీ. మూడోది తాగకుండా లేవడం మర్యాద కాదు. ఆ రాత్రి నిద్ర పట్టకపోవడానికి సగం కారణం కాఫీ.

పరిహారంగా తర్వాతి ఆదివారం వాళ్లను మా ఇంటికి పిలిచాను. ఈసారి పొరపాటుకు తావులేకుండా వాళ్ల లెక్కలోనే చెప్పాను, ఆరింటికి రమ్మని. మధ్యాహ్నం 12కల్లా పప్పు, పులిహోర, సేమ్యా పాయసం సిద్ధం. ఒంటిగంట అయింది, మూడు అయింది. ఆకలికి ఆగలేక పాయసం ముందు నేనే మొదలుపెట్టాను.

సాయంత్రం 6 గంటలకు తలుపు చప్పుడైంది. తల్లీ కొడుకూ చెరో సంచీతో నిలబడి ఉన్నారు. ఫరంజీ, అంటే విదేశీయుడి, లెక్క మన్నించి వచ్చారో, లేక మరేదైనా గుర్తుపెట్టుకుని వచ్చారో వాళ్ల ముఖాలు చూస్తే తేలలేదు.

"ముందే బయల్దేరాం సర్," అన్నాడు కుర్రాడు, నవ్వకుండా. "బజాజ్ దొరకలేదు."

అవును, ఆదివారం కదా అన్నాను.