మూరెడు దూరము

1998లో సైబర్ టవర్స్ వెలసిన నాటినుండియు సప్తసముద్రములకావలి సర్వర్లను నిద్రలేపుటయందు ఆరితేరిన మన సాఫ్ట్‌వేర్ శిఖామణులు, మణికొండలోని ఒకానొక కార్యాలయమున, పక్క బల్లమీది కంప్యూటరులోని షేర్డ్ ఫోల్డరును తెరువజాలక, ‘మీకు అనుమతి లేదు’ అను అశరీరవాణిని ఆలకించుచు పూటలకు పూటలు గడుపుచున్నారు. ఐపీ చిరునామా 169.254తో మొదలైనచో, చిరునామాలు పంచిపెట్టు డీహెచ్‌సీపీ మహాశయుడు పలుకకపోగా యంత్రము తన అడ్రసు తానే కల్పించుకొన్నదని అర్థము. గడియారము 5 నిమిషములకు మించి తప్పినను డొమైన్ ద్వారపాలకుడు సామాన్యముగా గడప తొక్కనీయడు. (నార్సింగి రద్దీలో చిక్కి గంట ఆలస్యముగా విచ్చేయు మేనేజరుగారికి ఈ నియమము వర్తింపదు.) ఇవి చూచుటకు అరనిమిషము చాలును. చూచువారేరీ? ఐటీ విభాగమువారిని పిలిచినచో ‘టికెట్టు పెట్టితిరా?’ అందురు, టికెట్టు పెట్టుటకు లాగిన్ కావలెను, లాగిన్ కాకపోవుటయే గదా ఫిర్యాదు! ‘ఒకసారి రీస్టార్టు చేసి చూడుడు’ అను సర్వరోగనివారిణియు విఫలమైన పిమ్మట, ఆ ఫోల్డరులోని ఫైలు ఎవరిదో పెన్‌డ్రైవునెక్కి బల్ల మారినది. తెరచి చూడగా అది, కార్యాలయమున పెన్‌డ్రైవులు నిషిద్ధములను సర్క్యులరు.