పులసగారి లొకేషన్ పంపండి

జులైలో గోదావరికి ఎర్రనీరు రాగానే బంగాళాఖాతం నుంచి పులస బయల్దేరుతుంది, గుడ్లు పెట్టుకోవడానికి. అదే సమయానికి ఊళ్లోంచి ఫోనూ బయల్దేరుతుంది, వీడియో పెట్టుకోవడానికి. యానాం రేవులో ఇద్దరూ కలుసుకుంటారు. అక్కణ్నుంచి పులస ప్రయాణం ఆగిపోతుంది, వీడియోది మొదలవుతుంది.

సముద్రంలో విలసగా తిరిగినన్నాళ్లు దాన్ని పెద్దగా పలకరించినవాళ్లు లేరు. నదెక్కి పులసయ్యాక మాత్రం కాటా చుట్టూ జనం. వేలం పాటగాడు మొప్ప ఎత్తి ఎరుపు చూపిస్తాడు. పొట్ట మీద బొటనవేలు ఆనించి ‘గుడ్లున్నాయి’ అంటాడు. అంతే, పాట ఇంకో మెట్టు ఎక్కుతుంది. ఒక్క చేప ఇరవై వేలు దాటిన రోజులున్నాయి. రేపటి పులసలన్నీ ఆ పొట్టలోనే ఉన్నాయన్న సంగతి పాటలో ఎవరికీ అడ్డురాదు. పుస్తెలమ్మైనా పులస తినమన్న పెద్దలు, పిల్లల్ని కననిచ్చి తినమని చెప్పడం మర్చిపోయారు మరి.

సాయంత్రానికి వార్త సిద్ధం: ఏ రేవులో పడింది, ఎంత పలికింది, ఎవరింటికి వెళ్లింది. మర్నాడు ఆ రేవు దగ్గర నీళ్లకంటే వలలే ఎక్కువ కనిపిస్తాయి.

సమాచారం పంచడమే తప్పంటే హైదరాబాద్‌లోని ఇన్‌కాయిసే మొదటి దోషి అవ్వాలి. సముద్రం వేడినీ, నాచునీ ఉపగ్రహాలతో చూసి, చేపలు ఎక్కడ గుమిగూడతాయో మత్స్యకారులకు రోజూ చెప్పేది ఆ సంస్థే. కాకపోతే దానికో మర్యాద ఉంది. తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజుల వేట నిషేధం రాగానే ఆ కబురు ఆపేస్తుంది. ఆకాశంలో ఉన్న ఉపగ్రహానికి తెలిసిన పద్ధతి, చేతిలో ఉన్న ఫోనుకు ఇంకా తెలియలేదు. పైగా పులస గోదావరి ఎక్కేది ఆ 61 రోజుల సెలవు అయిపోయాకే.

ఎక్కినా ఎంత దూరం? ధవళేశ్వరం దగ్గర 1852లో కాటన్ దొర ఆనకట్ట పూర్తిచేశాడు. ఇప్పుడక్కడ బ్యారేజీ ఉంది. అంటే పులస తిరిగేది ఆ కింది పాయల్లోనే. అంత ఇరుకింట్లో ఉన్నవాళ్ల అడ్రసు ఊరంతా చాటడం అవసరమా అని ఎవరూ అడగరు.

గంగ మీద ఫరక్కా బ్యారేజీ దగ్గర కథ వేరు. శాస్త్రవేత్తలు ఇదే జాతి చేపల్ని బ్యారేజీకి ఎగువన వదిలి, కొన్నిటికి గుర్తుబిళ్లలు కట్టారు. బిళ్ల ఉన్న చేప దొరికిందని జాలరి చెబితే, అది ఎంత దూరం ఈదిందో తెలుస్తుంది. ఈ చేపను ఇలిష్ అనే బంగ్లాదేశ్, అక్టోబరు ప్రాంతంలో 22 రోజులు దాని వేట పూర్తిగా ఆపుతుంది. అక్కడ ఊరందరికీ తెలియాల్సిన కబురు అదీ.

మన దగ్గర చేపకు పనికొచ్చే లెక్కలే ఎవరి నోటా రావు. ఈ వారం ఎన్ని పడ్డాయి? పొడవెంత? ఎన్ని గుడ్లతో ఉన్నాయి? వల కన్ను ఎంత సన్నం? ఇవి అడిగితే పాటగాడు ఆకాశం చూస్తాడు, విలేకరి ఫోను చూస్తాడు.

కాబట్టి పులస పక్షాన ఒక చిన్న సవరణ. వచ్చే వరదకు రేవు పేరు బదులు ‘గోదావరి’ అని రాయండి, చాలు. పొడవు, గుడ్ల సంగతి మాత్రం తప్పక చేర్చండి. ధర ఉంచుకోండి, అది తీసేస్తే వార్త ఎవరూ చదవరు.