గొంతు పెట్టెలో, పాత్ర నెత్తిన

ధనుర్మాసం వస్తే చాలు, పత్రికల్లో స్కూటరెక్కిన హరిదాసు ఫోటో పడాల్సిందే. నెత్తిన అక్షయపాత్ర, నుదుట తిరునామం, బండికి కట్టిన స్పీకరు. కాలంతో పాటు మారాడని పైన ఒక మెచ్చుకోలు. మారింది బండేనా? నెల పొడుగునా వీధులు తిరిగే మనిషి కాళ్లకు చక్రాలు తగిలించుకుంటే ఎవరు కాదంటారు? చక్రాలతో పాటు గొంతుకూ బదిలీ అయింది. పాట పెన్‌డ్రైవ్ పాడుతుంది, పెదాలు దాసుగారివి.

అక్షయపాత్ర తలకెత్తుకున్నాక హరినామం తప్ప వేరే మాట నోట రాకూడదన్నది హరిదాసుల నియమం. ఇప్పుడు ఆ హరినామమూ రావడం లేదు కాబట్టి మౌనవ్రతం సంపూర్ణం! చేతిలో చిడతలు ఒక తాళం, పెట్టెలో తబలా ఇంకో తాళం.

అలాంటి బండి వరికుంటపాడు వీధిలోకి వచ్చిందనుకుందాం. కీర్తన చరణం మీదుండగా బ్లూటూత్‌లోకి ఫోనొచ్చింది. కృష్ణుడు తప్పుకున్నాడు, అప్పుల కంపెనీ అమ్మాయి అందుకుంది: వాయిదా ఎప్పుడు కడతారు సార్? పెదాలు మాత్రం ఇంకా కీర్తనలోనే ఉన్నాయి. గడపలో చేటతో నిలబడ్డ అవ్వ అడగదా, ‘ఏంది నాయనా, ఈ బియ్యం నీకా, ఆ పెట్టెకా?’ అని.

ఈ ఉదయగిరి సీమలో అసలుకూ నకలుకూ తేడా తెలిసినవాళ్లు ఐదొందల ఏళ్ల కిందటే ఉన్నారు. శ్రీకృష్ణదేవరాయలు ఉదయగిరి దుర్గం గెలిచి ఇక్కడి బాలకృష్ణుణ్ణి హంపికి తీసుకుపోయి గుడి కట్టించాడు. అలాంటిదే ఇంకోటి చెక్కండని శిల్పులకు పురమాయించి ఊరుకోలేదు.

సినిమాలో ఎన్టీఆర్‌కు ఘంటసాల పాడలేదా అని వాదించేవాళ్లుంటారు. పాడాడు. ఘంటసాల పేరు టైటిల్స్‌లో పెద్ద అక్షరాల్లో వేశారు కూడా. స్కూటర్ మీద పెన్‌డ్రైవ్‌లో పాడిన గాయకుడి పేరెక్కడ? మిల్లీ వనిల్లీ అనే పాప్ జంట ఇట్లాగే ఇంకొకరి గొంతుకు పెదాలాడించి 1990లో గ్రామీ కొట్టేసింది. గుట్టు బయటపడ్డాక అదే ఏడు అవార్డు వెనక్కి తీసుకున్నారు. 2009లో ఒబామా ప్రమాణ స్వీకారం రోజు చెల్లో విద్వాంసుడు యోయో మా బృందం వాయించినట్టు నటించిందన్నా, చలికి వాద్యాల శ్రుతి నిలవదన్న కారణముంది. పైగా ఆ రికార్డు వాళ్లదే. మన పల్లెల్లో సంక్రాంతికి తీగలు తెగేంత చలి ఎప్పుడు పడింది?

అయితే తిట్లన్నీ దాసుగారికే పోస్తే అన్యాయం. గేటు తీయకుండా మేడ మీద నుంచి రీలు తీసుకునేవాళ్లకు ఏ గొంతైతేనేం? ముప్పై రోజులు గొంతు చించుకున్నా గుప్పెడు బియ్యమే రాలినప్పుడు ఆయన లెక్క ఆయన వేసుకున్నాడు. పాట వినని వీధికి పాడని హరిదాసు సరిగ్గా సరిపోయాడు.

కాబట్టి వచ్చే ధనుర్మాసంలో బండి మీ ఇంటి ముందాగితే, ముందు ఆ పెట్టె కట్టేయమనండి. ఒక్క కీర్తన సొంతగొంతుతో పాడమనండి, శ్రుతి తప్పినా సరే. పాడితే సోలెడు పోయండి. పెట్టెకైతే గిద్దెడు చాలు.